పాత కార్డుకు దాని ఆఖరి డ్రైవరే మందు

ప్రశ్న: నమస్కారం. మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. 2013లో కొన్న కంప్యూటర్‌నే ఇంకా వాడుతున్నాను. అది రెండో తరం కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్. 2015లో మా అబ్బాయి అందులో ఎన్విడియా జీటీ 730 వీడియో కార్డు వేయించాడు. ఊరి గ్రంథాలయానికీ గుడికీ కావలసిన కరపత్రాలు, ఆహ్వానాలు పేజ్‌మేకర్‌లో అను అక్షరాలతో నేనే కూర్చి ఇస్తుంటాను. అందుకే విండోస్ 10కు మారినప్పుడు కూడా 32 బిట్ రకాన్నే ఉంచమన్నాను. మొన్న గాలివానకు కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. ఆ వారంలోనే విండోస్ ఏదో అప్‌డేట్ కూడా వేసుకుంది. అప్పటినుంచి తెర రెండు మూడు సెకన్లు నల్లబడి మళ్లీ వచ్చేది. ఇప్పుడు అక్షరాలన్నీ ఇంతింత లావున కనిపిస్తున్నాయి. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన పసుపు త్రికోణం, లోపల కోడ్ 43 ఉన్నాయి. మా అబ్బాయి ఫోనులో చెబుతుంటే అన్నిటికన్నా కొత్త డ్రైవర్, అంటే విండోస్ చేత కార్డును నడిపించే ప్రోగ్రాము, దింపి చూశాను. ఈ విండోస్‌కు సరిపడదని చెప్పి అది ఆగిపోతోంది. పట్టణంలో దుకాణంవారు చూసి చిప్పు పోయిందనీ, కొత్త కార్డు కొనాల్సిందేననీ అన్నారు. కనుమ నాటి ప్రభల తీర్థంలోగా కరపత్రం వేయాలి. ఏం చేయమంటారు?

సమాధానం: మాస్టారూ, కొత్త కార్డు కొనడానికి తొందరపడకండి. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సమస్యలు ఒకదానితో ఒకటి ముడిపడి కనిపిస్తున్నాయి, వాటిని ముందు విడదీయాలి. కొత్త డ్రైవర్ ఎక్కకపోవడం ఒకటి, ఉన్న డ్రైవర్ పనిచేయకపోవడం రెండవది. మొదటిదానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మీది 32 బిట్ విండోస్. ఎన్విడియా సంస్థ 32 బిట్ విండోస్‌కు డ్రైవర్లు తయారుచేయడం 2018లోనే మానేసింది. ఆ ఏడాది మార్చిలో వచ్చిన 391.35 అనే సంచికే మీ విండోస్‌కు ఆఖరిది. ఆ తరువాత వచ్చినవన్నీ 64 బిట్ విండోస్‌కు మాత్రమే. అందువల్ల మీ అబ్బాయి ఎంత కొత్తది వెతికి ఇస్తే అది అంత ఖాయంగా తిరస్కరిస్తుంది, అందులో మీ కార్డు తప్పు ఏమీ లేదు. పాత కంప్యూటర్ల విషయంలో నేను తరచుగా చూసే పొరపాటు ఇదే. డ్రైవర్ అనగానే అన్నిటికన్నా కొత్తది మంచిదన్న అభిప్రాయం మనలో నాటుకుపోయింది. పాత కార్డుకు కావలసింది ఆ చిప్పునూ మీ విండోస్‌నూ రెండింటినీ ఎరిగిన ఆఖరి డ్రైవర్, అంతేగాని ఈ నెల విడుదలైనది కాదు.

జీటీ 730 విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. 2014లో ఈ పేరుతో వచ్చిన కార్డులన్నింటిలో ఉన్నది ఒకే చిప్పు కాదు. కొన్నింటిలో ఫెర్మి అనే పాత తరం చిప్పు, కొన్నింటిలో దాని తరువాతి కెప్లర్ తరం చిప్పు పెట్టి, అన్నింటి మీదా జీటీ 730 అనే అచ్చువేశారు. 128 బిట్ మెమరీ దారి, 96 కోర్లు ఉన్నది ఫెర్మి. 64 బిట్ దారి, 384 కోర్లు ఉన్నది కెప్లర్. ఈ బిట్లు కార్డు మెమరీవి, విండోస్ బిట్లతో వీటికి సంబంధం లేదు. బిట్ల అంకె పెద్దదిగా ఉన్నదే పాతది కావడం వల్ల పెట్టె మీది రాతలు చదివి కొన్నవారు కూడా చాలామంది తికమకపడ్డారు. మన వైపు రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. సంచి మీద స్వర్ణ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది మార్టేరు వారి ఎంటీయూ 7029 విత్తనమేనని నమ్మి ఎవరూ నారు పోయరు, ఎక్కడి సరుకో అడిగి మరీ కొంటారు. కార్డు మీది కాగితాన్ని కూడా అలాగే చూడాలి.

చిప్పును అడిగి తెలుసుకునే పద్ధతి సులువైనదే. స్టార్ట్ గుర్తు మీద మౌస్ కుడి బటన్ నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఉన్న కార్డు పేరును రెండుసార్లు నొక్కి, డిటెయిల్స్ అనే విభాగంలోకి వెళ్లి, అక్కడి జాబితాలో హార్డ్‌వేర్ ఐడీస్ అన్నది ఎంచుకోండి. పొడుగాటి ఇంగ్లీషు అక్షరాల వరుస ఒకటి కనిపిస్తుంది. అందులో వీఈఎన్ అన్న అక్షరాల తరువాత 10డీఈ అని ఉంటే అది ఎన్విడియా చిప్పు, 1002 అని ఉంటే ఏఎండీ, 8086 అని ఉంటే ఇంటెల్. ఆ తరువాత డీఈవీ అన్న చోట 1287 అని ఉంటే మీది కెప్లర్ రకం జీటీ 730. సున్నా, ఎఫ్, సున్నా, రెండు అని వరుసగా ఉంటే ఫెర్మి రకం. పసుపు త్రికోణం ఉన్నా, కార్డు సరిగా పనిచేయకపోయినా ఈ వరుస మాత్రం సాధారణంగా కనిపిస్తుంది, ఎందుకంటే దానిని డ్రైవర్ చెప్పదు, చిప్పే చెబుతుంది. దానిని ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాసుకోండి.

మీ మట్టుకు మీకు ఈ తేడా వల్ల చివరి నిర్ణయం మారదు. 391.35 ఫెర్మినీ ఎరుగును, కెప్లర్‌నూ ఎరుగును. ఏ రకమైనా మీ 32 బిట్ విండోస్‌కు అదే దిక్కు. ఇదే కార్డును 64 బిట్ విండోస్ మీద వాడుతున్న పాఠకులు ఇది చదువుతుంటే వారికి మాత్రం తేడా ఉంటుంది. ఫెర్మి అయితే వారికి కూడా 391.35 దగ్గరే ఆగిపోవాలి. కెప్లర్ అయితే 470 వరుస దాకా వెళ్లవచ్చు. ఆ వరుసలో భద్రతా సవరణలు 474, 475 అంకెలతో 2024 దాకా వచ్చాయి. 2021 అక్టోబరు నుంచి వచ్చిన ప్రధాన వరుసలో కెప్లర్‌కు చోటు లేదు. ఇంకా పాతవైన జీఫోర్స్ 210, 8400 జీఎస్ వంటి కార్డులకు 2016 డిసెంబరులో వచ్చిన 342.01 ఆఖరిది.

ఇక రెండవ సమస్యకు వద్దాం. కోడ్ 43 చూపించి చిప్పు పోయిందని తేల్చడం నాకు నచ్చలేదు. ఆ అంకెకు అర్థం, పరికరం తనలో ఏదో ఇబ్బంది ఉందని తెలిపినందువల్ల విండోస్ దానిని ఆపివేసిందని మాత్రమే. డ్రైవర్ చెడినా ఆ మాటే వస్తుంది, కార్డు స్లాటులో కదిలినా ఆ మాటే వస్తుంది, చిప్పు నిజంగా పోయినా ఆ మాటే వస్తుంది. జ్వరం ఉందని చెప్పినంత మాత్రాన ఏ జ్వరమో చెప్పినట్టు కాదు కదా. గాలివానా, అప్‌డేటూ ఒకే వారంలో రావడం వల్ల మీ కేసులో అనుమానితులు ఇద్దరు. డ్రైవర్ జోలికి వెళ్లేముందు కరెంటు దెబ్బ సంగతి చూడడం మంచిది, అందుకు ఖర్చేమీ ఉండదు.

కంప్యూటర్ వెలిగించగానే డిలీట్ గాని ఎఫ్2 గాని వరుసగా నొక్కుతూ, విండోస్ కన్నా ముందే వచ్చే బయోస్ అనే అమరికల తెరలోకి వెళ్లండి. అక్కడ విండోస్ ఉండదు, ఎన్విడియా డ్రైవర్ ఉండదు. కార్డు తన సొంత శక్తితోనే బొమ్మ చూపుతుంది. ఒక పదిహేను నిమిషాలు ఆ తెరను అలాగే వదిలిపెట్టి చూడండి. అక్షరాల మధ్య రంగు చుక్కలు, నిలువు గీతలు, గళ్లు కనిపిస్తే తప్పు డ్రైవర్‌ది కాదు. తెర శుభ్రంగా ఉంటే ఆశ ఉన్నట్టే. పూర్తి భరోసా మాత్రం కాదు, ఎందుకంటే బయోస్ తెరకు చిప్పులో చాలా కొద్ది భాగమే పనిచేస్తుంది. అదే చోట హార్డ్‌వేర్ మానిటర్ వంటి పేరుతో ఓల్టేజీలు కూడా కనిపిస్తాయి. 12 వోల్టుల వరుసలో 11.4కు తక్కువగా గాని 12.6కు ఎక్కువగా గాని ఉంటే కంప్యూటర్ లోపల అన్నిటికీ కరెంటు అందించే డబ్బాను, అంటే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాలి. మీ కార్డుకు వేరే కరెంటు తీగ ఉండదు, స్లాటు నుంచే తీసుకుంటుంది. స్లాటు 75 వాట్ల దాకా ఇవ్వగలదు, జీటీ 730కి 50 వాట్లు కూడా అక్కరలేదు. కాబట్టి ఎస్‌ఎంపీఎస్ చిన్నది కావడం వల్ల కాదు, ముసలిది కావడం వల్లే సమస్య వస్తుంది.

ఈ విషయంలో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. మేముండేది నరసాపురం వైపు. రొయ్యల చెరువుల ఏరియేటర్లు తెల్లవార్లూ తిరిగే రోజుల్లో మా వీధిలో రాత్రిళ్లు బల్బు ఎర్రబడేది. సరిగ్గా ఆ వేళల్లోనే నా తెర నల్లబడేది. డ్రైవర్లు నాలుగు రకాలు మార్చాను, విండోస్ మళ్లీ వేశాను, చివరకు కార్డు చెడిపోయిందని తీర్మానించి పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. కొత్త కార్డు పెట్టిన మూడోనాటి రాత్రి మళ్లీ తెర నల్లబడింది. ఎస్‌ఎంపీఎస్ విప్పి చూస్తే లోపల రెండు కెపాసిటర్లు తలలు ఉబ్బి, గోధుమ రంగు జిగురు కక్కి ఉన్నాయి. నేను పారేసిన కార్డు మంచిదే. అప్పటినుంచి తెర నల్లబడే గంటలను ఒక కాగితం మీద రాసుకోమని అందరికీ చెబుతుంటాను. రాత్రి మాత్రమే వస్తుంటే, లేదా ఇంట్లో మోటారు వేసినప్పుడల్లా వస్తుంటే డ్రైవర్‌ను తిట్టి ప్రయోజనం లేదు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో ప్రమాదకరమైన కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. తెలిసినవారి దగ్గర మరో ఎస్‌ఎంపీఎస్ అడిగి తగిలించి చూడడమే మేలు.

క్యాబినెట్టు పక్క రేకు మాత్రం మీరు విప్పవచ్చు, విప్పాలి కూడా. ప్లగ్గు పూర్తిగా తీసివేసి, పవర్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుని, మిగిలిన కరెంటు పోయాక, ఎస్‌ఎంపీఎస్ ఇనుప ఒంటిని ఒకసారి చేత్తో తాకి పని మొదలుపెట్టండి. మన వైపు తేమకు, ఉప్పుగాలికి కంప్యూటర్లలో ఏం జరుగుతుందో చూసినవారికే తెలుస్తుంది. కార్డు మీది రేకుల మధ్య దుమ్ము మెత్తగా కాదు, అట్టలా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ ఉన్న కార్డు అయితే దానిని వేలితో తిప్పి చూడండి. నూనె ఎండిన ఫ్యాను ఒక చుట్టుకే బిగుసుకుపోతుంది. మా ఇంట్లో ఒక క్యాబినెట్టు అడుగున తెల్లని బల్లి గుడ్లు రెండు వరుసగా పెట్టి ఉండడం చూశాను. వెచ్చగా, చీకటిగా ఉన్న చోటు కదా, దాని తప్పేమీ లేదు.

కార్డును బిగించిన మర తీసి, స్లాటు చివర ఉండే చిన్న కొక్కెం నొక్కి, కార్డును రెండు చివరలా పట్టుకుని నిటారుగా పైకి లాగండి. దాని కింది అంచున బంగారు రంగు పళ్ల వరుస ఉంటుంది. కొత్తలో అది మిలమిలలాడుతుంది, పదేళ్లకు పొగ పట్టిన ఇత్తడి గిన్నెలా మసకబారుతుంది. పిల్లలు పెన్సిల్ రాతను చెరిపే మామూలు తెల్ల రబ్బరుతో ఆ పళ్లను పై నుంచి కిందికి ఒకే దిక్కున మెల్లగా రుద్దండి. రబ్బరు అంచుకు నల్లటి చార అంటుతుంది, పళ్లు మళ్లీ పసుపుపచ్చగా తేలతాయి. ఉప్పుకాగితం వంటివి వాడకండి, ఆ పూత చాలా పలుచన. రబ్బరు పొడిని మెత్తటి బ్రష్షుతో దులిపి, స్లాటులో దుమ్ము లేకుండా చూసి, కార్డును కొక్కెం టక్కుమనే దాకా సమంగా నొక్కండి. ర్యామ్ పలకలకూ అదే సేవ చేయండి. మదర్‌బోర్డు మీద గుండ్రటి బిళ్ల బ్యాటరీ కూడా అంతే పాతదై ఉంటుంది. దానిపేరు సీఆర్2032, 3 వోల్టులది, గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. అది నీరసించి తేదీ పాత సంవత్సరాలకు వెళ్లిపోతే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, అప్పుడు డ్రైవర్ దింపుకోవడం కూడా కుదరదు. కొందరి అవస్థంతా దానితోనే తీరిపోతుంది.

చెప్పడం మరిచాను, అక్షరాలు లావుగా కనిపించడానికి డ్రైవర్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. మానిటర్ తన కొలతలను తీగ ద్వారానే కార్డుకు చెబుతుంది. నీలం రంగు వీజీఏ తీగలో ఒక పుల్ల వంగినా, విరిగినా ఆ కబురు అందక విండోస్ చిన్న కొలతనే ఎంచుకుంటుంది. తీగ రెండు చివరలా పుల్లలను వెలుతురులో ఒకసారి చూడండి. మీ కార్డు పక్కన కోడ్ 43 ఉంది కాబట్టి మీ విషయంలో కారణం డ్రైవర్ ఆగిపోవడమే కావచ్చు. డ్రైవర్ ఆగినప్పుడు విండోస్ తన దగ్గర ఉన్న ప్రాథమిక ప్రదర్శన పద్ధతితో పని నెట్టుకొస్తుంది. అందులో ఎక్కువగా 1024 బై 768 వంటి పాత కొలతలే ఉంటాయి, అందుకే వెడల్పు మానిటర్ మీద అక్షరాలు సాగదీసినట్టు లావెక్కుతాయి. పేజ్‌మేకర్ ఫైళ్లకు దీనివల్ల ఏ హానీ లేదు. ముద్రణలో కొలతలు ఎప్పటిలాగే వస్తాయి.

ఇప్పుడు డ్రైవర్ పని. ముందుగా మీ పేజ్‌మేకర్ ఫైళ్లూ అను అక్షరాలూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. ఆ తరువాత ఎన్విడియా సంస్థ సొంత వెబ్‌సైటులోనే జీఫోర్స్, 700 వరుస, జీటీ 730, విండోస్ 10 32 బిట్ అని ఎంచుకుని 391.35ను దింపుకోండి. ఒక్క నొక్కుతో డ్రైవర్లన్నీ కొత్తవి చేస్తామని చెప్పే ఉచిత ప్రోగ్రాముల జోలికి వెళ్లవద్దు. అవి ఏ చిప్పుకు ఏది తగిలిస్తాయో వాటికే తెలియదు, పైగా వెంట మరికొన్ని అక్కరలేని ప్రోగ్రాములను తెచ్చి కూర్చోబెడతాయి. ఆ ఫైలుతో పాటు డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రామును కూడా దానిని తయారుచేసిన వాగ్నార్డ్‌సాఫ్ట్ వారి వెబ్‌సైటు నుంచే దింపుకోండి, దానిని పొట్టిగా డీడీయూ అంటారు. మామూలుగా తొలగించినప్పుడు మిగిలిపోయే పాత డ్రైవర్ ముక్కలను అది ఏరివేస్తుంది. విండోస్ వేసిన సంచికా, మీరు వేయబోయి సగంలో ఆగిన సంచికా ఒకదాని మీద ఒకటి పేరుకున్న మీ యంత్రానికి ఇది తప్పనిసరి.

రెండు ఫైళ్లూ చేతికి వచ్చాక ఇంటర్నెట్ తీగ పీకేయండి, వైఫై అయితే ఆపేయండి. ఈ ఒక్క మాట మరిచిపోయి చాలామంది చేసిన పనినే మళ్లీ మళ్లీ చేస్తుంటారు. మీరు పాతదాన్ని తుడిచి, కంప్యూటర్ మళ్లీ వెలిగేలోపు విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ను తెచ్చి పెట్టేస్తుంది. ఆ తరువాత షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ అని ఒకదాని తరువాత ఒకటి ఎంచుకుంటే చివరకు అంకెల జాబితా వస్తుంది. అందులో 4 నొక్కితే సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటుంది. సేఫ్ మోడ్‌లో ఎన్విడియా డ్రైవర్ నడవదు కాబట్టి అక్కడ ఒక అరగంట ఏ పనైనా చేసి చూడండి. అక్కడ కూడా తెర నల్లబడుతుంటే నేను పైన చెప్పిన కరెంటు, తీగ, స్లాటు సంగతులకు తిరిగి వెళ్లాలి. తెర నిలకడగా ఉంటే డీడీయూ తెరిచి, జీపీయూ అని, ఎన్విడియా అని ఎంచుకుని, శుభ్రం చేసి మళ్లీ వెలిగించే మొదటి బటన్ నొక్కండి.

మామూలు విండోస్ తెరుచుకోగానే, ఇంటర్నెట్ ఇంకా కలపకుండానే, 391.35 ఫైలును నడపండి. అది అడిగినప్పుడు ఎక్స్‌ప్రెస్ కాకుండా కస్టమ్ ఎంచుకుని, జీఫోర్స్ ఎక్స్‌పీరియన్స్, 3డీ విజన్ అన్నవాటి పక్క టిక్కులు తీసేయండి. కరపత్రాలు కూర్చేవారికి అవి ఎందుకూ పనికిరావు, మీ 4 జీబీలో చోటు మాత్రం తింటాయి. కింద క్లీన్ ఇన్‌స్టలేషన్ అన్నదానికి టిక్కు పెట్టండి. మధ్యలో తెర రెండు మూడు సార్లు ఆరి వెలుగుతుంది, కంగారుపడి బటన్ నొక్కవద్దు. ఆ సమయంలో కరెంటు పోకుండా ఉండడం ముఖ్యం కాబట్టి యూపీఎస్ బ్యాటరీ పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. మన ఇళ్లలో చాలా యూపీఎస్‌లు పేరుకే ఉంటాయి, ప్లగ్గు తీస్తే పది సెకన్లు కూడా నిలవవు.

డ్రైవర్ ఎక్కి, పసుపు త్రికోణం పోయి, అక్షరాలు మామూలుగా వచ్చాక కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్, హార్డ్‌వేర్, డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్ అన్న దారిలో వెళ్లి నో అని ఎంచుకుని భద్రపరచండి. ఆ తరువాతే ఇంటర్నెట్ కలపండి. విండోస్ తన పెద్ద అప్‌డేట్ల తరువాత ఈ ఎంపికను పట్టించుకోకపోవడం కూడా జరుగుతుంది. అలా జరిగితే డివైస్ మేనేజర్‌లోనే డ్రైవర్ అన్న విభాగంలో రోల్ బ్యాక్ బటన్ ఉంటుంది, వెనుకటి సంచికకు అది తీసుకువెళుతుంది. దించుకున్న 391.35 ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంచండి. పాత సంచికలు ఎల్లకాలం అదే చోట దొరుకుతాయన్న భరోసా ఏ సంస్థ వెబ్‌సైటుకూ లేదు.

తెర రెండు మూడు సెకన్లు నల్లబడి తిరిగి రావడం గురించి కూడా అడిగారు. విస్టా కాలం నుంచి విండోస్‌లో ఒక ఏర్పాటు ఉంది. వీడియో చిప్పుకు ఇచ్చిన పని మీద రెండు సెకన్లలోగా బదులు రాకపోతే విండోస్ ఆ డ్రైవర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. మీరు చూసిన నలుపు అదే అయి ఉంటుంది. అలా ఒక్క నిమిషంలో ఐదుకు మించి జరిగితే ఓర్పు నశించి నీలం తెర చూపించి ఆగిపోతుంది. ఇది జరిగిన ప్రతిసారీ విండోస్ రాసిపెడుతుంది. స్టార్ట్ మీద కుడి బటన్ నొక్కితే ఈవెంట్ వ్యూయర్ ఉంటుంది, అందులో విండోస్ లాగ్స్, సిస్టమ్ కింద డిస్‌ప్లే పేరుతో 4101 అన్న అంకె ఉన్న వరుసలు వెతకండి. తేదీ, గంట, నిమిషం కూడా ఉంటాయి. నేను కాగితం మీద రాసుకోమన్న గంటలను అక్కడ సరిచూసుకోవచ్చు. ఈ రెండు సెకన్ల గడువును రిజిస్ట్రీ అనే విండోస్ అమరికల పట్టీలో పెంచుకోమని కొందరు సలహా ఇస్తారు. ఆ పని వద్దని నా అభిప్రాయం. గడువు పెంచితే రోగం తగ్గదు, తెర రెండు సెకన్లకు బదులు ఎనిమిది సెకన్లు బిగుసుకుపోతుంది.

డ్రైవర్ సరిగ్గా ఎక్కిన తరువాత కూడా 4101 వరుసలు పడుతుంటే కార్డు వేడిని చూడాలి. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాములో సెన్సార్స్ అన్న విభాగం వేడిని డిగ్రీలలో చూపుతుంది. ఏ పనీ చేయనప్పుడు కూడా 70 దగ్గర ఉండి, వీడియో పెట్టగానే 90 దాటిపోతుంటే ఫ్యానో, చిప్పు మీది ఎండిపోయిన పేస్టో మార్చాలి. ఆ పని చేతకాకపోతే తెలిసినవారితో చేయించండి. అదే ప్రోగ్రాము మొదటి పేజీలో మీ చిప్పు ఫెర్మియో కెప్లరో కూడా తెలుస్తుంది. ఎప్పుడైనా వాడిన కార్డు కొనవలసి వస్తే ముందు దానితోనే పరీక్షించండి. పాత ఫెర్మి చిప్పులకు కొత్త పేర్లు ఎక్కించి అమ్మిన దొంగ కార్డులు బజారులో చాలా తిరిగాయి. 2018 నుంచి జీపీయూ-జెడ్ అటువంటి ఎన్విడియా కార్డులను గుర్తుపట్టి పేరు ముందే నకిలీ అని చూపుతుంది.

ఇంత చేసినా కోడ్ 43 కదలకపోతే, అప్పుడు దుకాణంవారి మాటే నిజమని ఒప్పుకోవచ్చు. అయినా కొత్త కార్డు కొననక్కరలేదు. మీ రెండో తరం ఐ3 రకాలు దాదాపు అన్నింటిలో ప్రాసెసర్‌లోనే ఇంటెల్ వీడియో ఉంటుంది. కంప్యూటర్ వెనుక, యూఎస్‌బీ రంధ్రాల పక్కనే వీజీఏ గాని డీవీఐ గాని ఉందేమో చూడండి. ఉంటే కార్డును పూర్తిగా తీసివేసి మానిటర్ తీగను అక్కడ తగిలించండి. కార్డు ఉన్నంతసేపు చాలా పాత బోర్డులు ఆ రంధ్రాన్ని మూసి ఉంచుతాయి, అందుకే కార్డు తీయకుండా పరీక్షిస్తే తెర చీకటిగానే ఉంటుంది. పేజ్‌మేకర్‌కూ, మనవలతో వీడియోలో మాట్లాడడానికీ ఆ ఇంటెల్ వీడియో చాలు. నిజం చెప్పాలంటే మీరు చేసే పనికి 2015లో కూడా కార్డు అవసరం లేదు, అబ్బాయి ఏ ఆట కోసం వేయించాడో అతనినే అడగాలి. ప్రభల తీర్థానికి వ్యవధి తక్కువగా ఉంటే ముందు ఈ దారిలోనే కరపత్రం పూర్తిచేసి, కార్డు వైద్యం పండుగ వెళ్లాక చూసుకోండి.

ఒక హెచ్చరిక మాత్రం చేయక తప్పదు. 391.35కు భద్రతా సవరణలు రావడం ఏళ్ల క్రితమే ఆగిపోయింది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి విడిగా నమోదు చేసుకుంటే అదనపు సవరణలు 2026 అక్టోబరు 13 వరకు మాత్రమే. కాబట్టి ఆ యంత్రాన్ని కూర్పు పనికి ఉంచుకుని, బ్యాంకు లావాదేవీలు, పెన్షన్ పనులు ఫోనులో చేసుకోండి. కూర్పు చేసేటప్పుడు ఇంటర్నెట్ తీగ పెట్టవలసిన పని కూడా లేదు.

మళ్లీ రాయవలసి వస్తే హార్డ్‌వేర్ ఐడీ వరుసనూ, బయోస్‌లో కనిపించిన 12 వోల్టుల అంకెనూ, 4101 పడిన గంటలనూ ఉత్తరంలో చేర్చండి. కార్డు తీసి ఇంటెల్ వీడియోతో నడిపినప్పుడు తెర ఎలా ఉందో కూడా రాయండి, దానిని బట్టి ఎస్‌ఎంపీఎస్ మార్చాలో లేదో తేల్చవచ్చు.